వీపు సంచి

వీపు సంచి లేదా బ్యాక్‌ప్యాక్ అనగా రెండు పట్టీల సాయముతో రెండు భుజములకు తగిలించుకొని వీపుపై మోసుకొనిపోయే సంచి. వాడుకలో దీనిని బ్యాగు, కాలేజీ బ్యాగు, ల్యాప్‌టాప్ బ్యాగు అని కూడా అంటారు. హైదరాబాదులోని హైటెక్ సిటీ, మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రాంగూడ ప్రాంతములలో పనిచేసే సమాచార సాంకేతిక రంగ ఉద్యోగులకు ఇది నిత్యావసర వస్తువుగా మారినది. ఇదే సంచితో సోమవారము కార్యాలయమునకు వెళ్ళి, శుక్రవారము సాయంత్రము అటునుండి అటే ఊరికి బస్సు ఎక్కేవారు చాలామంది. కావున రోజువారీ వాడుకకు, ప్రయాణమునకు రెండిటికీ పనికివచ్చే సంచిని ఎంచుకొనే విధము, ముఖ్యముగా ఈ ప్రాంతపు పరిస్థితులను బట్టి, ఈ వ్యాసములో వివరించబడినది.

పుట్టుపూర్వోత్తరములు

వీపున బరువు మోయుట అతి ప్రాచీనమైన పద్ధతి. 1991లో ఆల్ప్స్ పర్వతములలో ఆస్ట్రియా - ఇటలీ సరిహద్దు వద్ద మంచులో దొరికిన, సుమారు 5,300 ఏళ్ళ నాటి "ఓట్జీ" అనే మానవుని దేహము పక్కన వంచిన కర్ర, చెక్క పలకలు లభించినవి. ఇవి వీపు సంచి చట్రమునకు చెందినవి కావచ్చునని పరిశోధకుల అభిప్రాయము. కొన్ని ఐరోపా భాషలలోను, ఆంగ్లములోను వాడే "రక్‌సాక్" అను మాట జర్మన్ భాషది. దాని అర్థము కూడా వీపు సంచి అనియే. 1952లో అమెరికాకు చెందిన డిక్ కెల్టీ అల్యూమినియం చట్రముతో పర్వతారోహకుల సంచులను తయారు చేసి అమ్మసాగినాడు. 1967లో అమెరికాలోని సియాటిల్ నగరములో మొదలైన జాన్‌స్పోర్ట్ సంస్థ సంచులు తరువాతి కాలములో విద్యార్థులలో బాగా వ్యాప్తి చెందినవి. కొండలెక్కువారి సంచి కళాశాలకు, అక్కడి నుండి కార్యాలయమునకు చేరినది.

మన ప్రాంతములో బరువులను తలపై మూటగా గానీ, కావడిగా గానీ, చంకకు జోలెగా గానీ మోయుట ఆచారము. తలపై మూట వెన్నెముకకు నేరుగా పైన ఉంటుంది. కావడిలో బరువు రెండు వైపులా సమానముగా పంచబడుతుంది. ఈ రెండు పద్ధతులలోనూ మోసేవాని శరీరము నిటారుగా నిలుచును. వీపు సంచిలో బరువు మొత్తము వెనుకకు చేరుతుంది కనుక దానికి వేరే జాగ్రత్తలు కావలెను.

సైబరాబాదులో వీపు సంచి

హైటెక్ సిటీలోని మొదటి భవనమైన సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించారు. ఆ తొలి సంవత్సరములలో ఎక్కువమంది ఉద్యోగులు కార్యాలయములోనే ఉంచబడిన డెస్క్‌టాప్ కంప్యూటర్లపై పనిచేసేవారు. ఇంటి నుండి తెచ్చుకొనునది టిఫిన్ డబ్బా, ఒక గొడుగు మాత్రమే. ల్యాప్‌టాప్‌లు వచ్చిన కొత్తలో వాటితో పాటు ఒంటి భుజమునకు తగిలించుకొనే నల్లని సంచులు వాడుకలో ఉండేవి. బరువంతా ఒకే భుజముపై పడుటచే ఆ భుజమును పైకెత్తి, నడుమును పక్కకు వంచి నడవవలసి వచ్చేది. వీటి స్థానమును క్రమముగా రెండు పట్టీల సంచి ఆక్రమించినది.

2020 మార్చిలో కరోనా కారణముగా ఉద్యోగులందరూ ఇంటి నుండి పనిచేయవలసి వచ్చినది. తరువాత అనేక సంస్థలు వారములో కొన్ని రోజులు కార్యాలయము, కొన్ని రోజులు ఇల్లు అను పద్ధతిని అనుసరించినవి. దీనితో ల్యాప్‌టాప్, ఛార్జరు, హెడ్‌సెట్ అన్నియు ప్రతిసారీ వెంట తిరుగుట మొదలైనది. సంచిలోని ల్యాప్‌టాప్ చాలావరకు ఉద్యోగిది కాదు, సంస్థది. అది తడిసినా, పగిలినా, పోయినా జవాబు చెప్పుకొనవలసినది మాత్రము ఉద్యోగియే.

బరువు లెక్క

సంచి కొనే ముందు అందులో ఏమి పెడతారో ఆ వస్తువులను ఒకసారి తూచుకొనుట మేలు. సాధారణముగా 14 అంగుళముల ల్యాప్‌టాప్ సుమారు కిలోన్నర, 15.6 అంగుళములది సుమారు రెండు కిలోలు ఉంటుంది. ఛార్జరు, తీగలు కలిసి అర కిలోకు దగ్గరగా వస్తాయి. లీటరు నీళ్ళ సీసా కిలోకు పైనే. అన్నము, కూర, పెరుగు పెట్టిన స్టీలు డబ్బాలు మరొక కిలో. ఖాళీ సంచి బరువు 700 గ్రాముల నుండి 1,200 గ్రాముల వరకు ఉంటుంది. గొడుగు, వాన కోటు, పవర్ బ్యాంకు కలిపితే మొత్తము ఆరు కిలోలు సులువుగా దాటిపోతుంది. అనగా నీళ్ళు కార్యాలయములోనే దొరికే చోట సీసా ఖాళీగా తీసుకొనిపోయినంత మాత్రాననే ఆరవ వంతు బరువు తగ్గుతుంది.

రోజూ మోసే బరువు శరీరపు బరువులో 10 నుండి 15 శాతము మించకూడదని సాధారణముగా చెబుతారు. 60 కిలోల మనిషికి ఇది 6 నుండి 9 కిలోలు. పిల్లల విషయములో నియమము ఇంతకంటే కఠినము. తెలంగాణ ప్రభుత్వము 2017లో బడిసంచుల బరువుపై ఉత్తర్వులు ఇచ్చి, ఒకటి, రెండు తరగతులకు కిలోన్నర, పదవ తరగతికి 5 కిలోలు పరిమితిగా నిర్ణయించినది. కేంద్ర ప్రభుత్వపు 2020 నాటి బడిసంచి విధానము విద్యార్థి బరువులో 10 శాతము మించరాదని సూచించినది. బడికి పోవు పిల్లవాని సంచికి పరిమితి ఉన్నది గానీ, అదే ఇంటి నుండి హైటెక్ సిటీకి పోవు తల్లిదండ్రుల సంచికి అటువంటి ఉత్తర్వు ఏదియు లేదు. ఆ పరిమితి ఎవరికి వారు విధించుకొనవలసినదే.

వెనుక బరువు పడినప్పుడు మనిషి తూలిపోకుండా ఉండుటకు తెలియకుండానే ముందుకు వంగుతాడు. తల ఇంకా ముందుకు పోతుంది. కార్యాలయములో ఎనిమిది గంటలు తెర వైపు మెడ సాచి కూర్చున్న మనిషికి దారిలో కూడా అదే భంగిమ కొనసాగుట వలన మెడ, భుజముల నొప్పులు ఎక్కువ కావచ్చును. సన్నని పట్టీలు, అధిక బరువు కలిసినప్పుడు మెడ నుండి చేతికి పోయే నరముల సముదాయము నొక్కుకొనిపోయి చేయి తిమ్మిరెక్కుట, బలహీనమగుట కూడా జరుగును. బరువైన సంచులు మోసే సైనికులలో ఈ స్థితిని వైద్యులు గుర్తించి దీనికి "రక్‌సాక్ పాల్సీ" అని పేరు పెట్టినారు. సంచి దించిన తరువాత కూడా తిమ్మిరి తగ్గనిచో వైద్యుని సంప్రదించవలెను.

శరీరమునకు అమరిక

కొనుగోలుదారులు ఎక్కువగా చూచునది రంగు, అరలు, లీటర్లు. నిజమునకు అన్నిటికంటే ముందు చూడవలసినది సంచి వీపు పొడవుకు సరిపోయినదా అనునది. తల వంచినప్పుడు మెడ అడుగున ఉబ్బెత్తుగా తగిలే ఎముక నుండి, నడుము రెండు వైపులా చేతికి తగిలే తుంటి ఎముకల పై అంచు ఎత్తు వరకు ఉన్న దూరమే వీపు పొడవు. ఇది మనిషి ఎత్తును బట్టి మాత్రమే ఉండదు. ఒకే ఎత్తు గల ఇద్దరిలో ఒకరికి కాళ్ళు పొడవు, మరొకరికి వీపు పొడవు కావచ్చును. సంచి పై అంచు భుజముల కంటే బాగా పైకి రాకూడదు. అడుగు భాగము నడుము కంటే సుమారు 10 సెంటీమీటర్లకు మించి కిందికి వేలాడకూడదు. పట్టీలను బాగా వదులు చేసి సంచిని పిరుదుల వరకు వేలాడదీయుట కళాశాల విద్యార్థులలో ఒక అలంకారముగా చెలామణీ అయినది గానీ, దాని వలన ప్రతి అడుగుకు సంచి ఊగి భుజములను వెనుకకు లాగుతుంది.

భుజపు పట్టీలు వెడల్పుగా, మందమైన ఫోముతో ఉండవలెను. ఫోమును బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలినప్పుడు వెంటనే తిరిగి లేవవలెను. నొక్కినచోట గుంట అట్లే నిలిచినచో కొన్ని నెలలలో అది అట్టవలె అణగిపోతుందని గ్రహించవచ్చును. రెండు పట్టీలను కలిపే ఛాతీ పట్టీ చిన్నదే అయినా ఎంతో ఉపయోగకరమైనది. పట్టీలు భుజముల నుండి పక్కలకు జారకుండా ఇది ఆపుతుంది. స్త్రీలకు ఎస్ ఆకారములో వంపు తిరిగిన పట్టీలు, పైకీ కిందికీ జరుపుకొనే ఛాతీ పట్టీ గల సంచులు సౌకర్యముగా ఉంటాయి. నడుము పట్టీ రోజువారీ సంచికి అవసరము లేదు. ఎనిమిది, పది కిలోలు దాటినప్పుడు మాత్రము భారమును భుజముల నుండి తుంటి ఎముకల మీదికి మార్చునది అదియే. మెత్తని ఫోము లేని సన్నని నాడా కేవలము సంచి ఊగకుండా ఆపునే గానీ బరువును మోయదు.

సామాను సర్దుటలో ఒక్క సూత్రము గుర్తుంచుకొనిన చాలు. బరువైన వస్తువు వీపునకు దగ్గరగా ఉండవలెను. అందుకే మంచి సంచులలో ల్యాప్‌టాప్ అర వీపు వైపే ఉంటుంది. అదే ల్యాప్‌టాప్‌ను ముందరి అరలో పెట్టినచో బరువు అంతే అయినా భుజములపై లాగుడు పెరుగుతుంది.

పరిమాణము

సంచుల పరిమాణమును లీటర్లలో చెబుతారు. రోజువారీ వాడుకకు 20 నుండి 25 లీటర్లు, రెండు మూడు రోజుల ప్రయాణమునకు 30 నుండి 35 లీటర్లు సరిపోతుంది. 45 లీటర్లు, ఆపైన ఉన్నవి కొండలెక్కువారికి. రెండిటికీ ఒకే సంచి కావలెనన్నచో 25 - 30 లీటర్ల మధ్య, పక్కల బిగింపు పట్టీలు కలిగి, ఖాళీగా ఉన్నప్పుడు పలుచగా కుదించుకొనగలది ఎంచుకొనవలెను. "పెద్దది కొంటే ఎప్పటికైనా పనికివస్తుంది" అనే ఆలోచన ఇక్కడ చెల్లదు. చోటు ఉన్నంత మేరకు సామాను చేరును. వారము క్రితపు బిల్లులు, పాత బ్యాడ్జీలు, చదవని పుస్తకము రోజూ ఊరేగుతూ ఉంటాయి.

ల్యాప్‌టాప్ కొలత విషయములో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. 15.6 అంగుళములు అనునది తెర మూల నుండి మూలకు ఉన్న కొలత మాత్రమే. యంత్రము వెడల్పు సుమారు 36 సెంటీమీటర్లు, ఆటల కొరకు తయారైన మందపాటివి ఇంకా ఎక్కువ. కావున చీటీపై అంగుళములను నమ్మక ల్యాప్‌టాప్‌ను దుకాణమునకు తీసుకొనివెళ్ళి పెట్టి చూచుట ఉత్తమము. అప్పుడే మరొకటి కూడా గమనించవలెను. ల్యాప్‌టాప్ అర అడుగు, సంచి అడుగును తాకకుండా ఒకటి రెండు సెంటీమీటర్లు పైకి ఉండవలెను. అట్లు లేనిచో సంచిని నేలపై దించిన ప్రతిసారీ ల్యాప్‌టాప్ మూల నేలకు కొట్టుకుంటుంది. వెల తక్కువ సంచులలో చాలావాటికి ఈ ఏర్పాటు ఉండదు.

గుడ్డ, జిప్పు, కుట్టు

సంచి గుడ్డను 600డి, 900డి, 1680డి అని పేర్కొంటారు. డి అనగా డెనియర్. 9,000 మీటర్ల పొడవు గల దారము ఎన్ని గ్రాములు తూగునో అది దాని డెనియర్ సంఖ్య. సంఖ్య పెరిగిన కొలదీ దారము లావుగా ఉంటుంది, సంచి బరువు కూడా పెరుగుతుంది. ఒకే సంఖ్య గల వాటిలో నైలాను రాపిడికి ఎక్కువ తట్టుకొనును. పాలియెస్టర్ ఎండకు ఎక్కువ తట్టుకొనును, వెల కూడా తక్కువ. రోజూ ఎండలో బండిపై తిరిగేవారికి మంచి పాలియెస్టర్ ఏమాత్రము తీసిపోదు.

గుడ్డ చినిగి పాడైన సంచుల కంటే జిప్పు పాడై మూలపడినవే ఎక్కువ. జిప్పులకు 5, 8, 10 వంటి సంఖ్యలు ఉంటాయి. ప్రధాన అరకు 8 లేదా 10, చిన్న అరలకు 5 ఉన్నచో మంచిది. జపానుకు చెందిన వైకేకే సంస్థ జిప్పులకు పేరున్నది. అయితే ఆ అక్షరములు ముద్రించిన నకిలీ రన్నర్లు కూడా బజారులో దొరుకును గనుక పేరు చూచుటతో ఆగక, మూలమలుపుల వద్ద రన్నరును ఒక చేతితో లాగి ఆగకుండా నడుచునో లేదో చూడవలెను. రన్నరు పాడైనంత మాత్రాన సంచి పారవేయనవసరము లేదు. సంచులు బాగుచేసేవారు కొద్ది డబ్బుతో కొత్త రన్నరు వేసి ఇస్తారు.

భుజపు పట్టీ పై చివర సంచికి కలిసే చోటు అన్నిటికంటే ఎక్కువ భారము పడే చోటు. అక్కడ ఒక వరుస కుట్టు సరిపోదు. అడ్డముగా దట్టముగా వేసిన కుట్టు గానీ, చతురస్రములో ఇంటూ గుర్తు వలె వేసిన కుట్టు గానీ ఉండవలెను. సంచిని తిరగేసి లోపలి అంచులు చూచినచో తయారీ నాణ్యత అర్థమగును. అంచులు నాడాతో మూసి కుట్టక వదిలేసిన సంచిలో దారపు పోగులు ఊడి జిప్పులో చిక్కుకుంటాయి.

బెంగళూరులో 1998లో ప్రారంభమైన వైల్డ్‌క్రాఫ్ట్, వీఐపీ సంస్థ వారి స్కైబ్యాగ్స్, శాంసొనైట్ సంస్థ వారి అమెరికన్ టూరిస్టర్ మొదలైనవి నగరములో విరివిగా కనబడే పేర్లు. కోఠి, అబిడ్స్, సికింద్రాబాదు జనరల్ బజారు ప్రాంతములలో పేరులేని సంచులు కూడా దొరుకును. పైన చెప్పిన పరీక్షలలో నెగ్గినచో పేరు లేకున్నను లోటు లేదు. సంచికి బయట ఉండే యూఎస్‌బీ రంధ్రము కూడా విద్యుత్తును ఏమీ ఇవ్వదు, అది లోపల పెట్టుకొన్న సొంత పవర్ బ్యాంకుకు కలిపే తీగ మాత్రమే.

వాన

హైదరాబాదులో వానలు ప్రధానముగా జూన్ నుండి అక్టోబరు వరకు కురుస్తాయి. చాలాసార్లు మధ్యాహ్నము వరకు ఎండ కాసి, కార్యాలయములు వదిలే వేళకు కుండపోతగా కురుస్తుంది. 2023 జూలైలో భారీ వర్షముల సమయమున సైబరాబాదు పోలీసులు ఐటీ సంస్థలను తమ ఉద్యోగులను ఒకేసారి కాక మూడు దశలుగా ఇంటికి పంపమని కోరారు. అటువంటి రోజున బండిపై గంటసేపు నిలిచిపోయినవారికి సంచి విలువ తెలియును.

చీటీలపై వ్రాసే మాటలలో తేడా గమనించవలెను. నీటిని విదిలించే గుడ్డ వేరు, నీరు చొరనీయని సంచి వేరు. మొదటిది చిరుజల్లును కొంతసేపు ఆపును. గుడ్డ ఎంత మంచిదైనా కుట్టు రంధ్రముల నుండి, జిప్పు నుండి నీరు దిగును. అడుగున మడిచి ఉంచిన రెయిన్ కవరు బయటి వైపును బాగా కాపాడును గానీ, వీపుకు ఆనే వైపు తెరిచే ఉంటుంది. వాన కోటు మీదుగా జారిన నీరు సరిగా ఆ వైపు నుండే, అనగా ల్యాప్‌టాప్ ఉన్న వైపు నుండే, లోనికి ఇంకుతుంది. దీనికి విరుగుడు చాలా చౌక. ల్యాప్‌టాప్‌ను ఒక మందపాటి పాలిథీన్ కవరులో పెట్టి, మూతిని రెండు మడతలు వేసి, ఆపై అరలో పెట్టవలెను. రెయిన్ కవరు, లోపలి కవరు రెండూ ఉన్నవారి ల్యాప్‌టాప్‌కు వాన భయము చాలా తక్కువ. తడిసిన ల్యాప్‌టాప్‌ను మాత్రము పనిచేయుచున్నదో లేదో చూచుటకు వెంటనే ఆన్ చేయరాదు.

ద్విచక్ర వాహనముపై

నిలుచున్నప్పుడు చక్కగా అమరిన సంచి బండిపై కూర్చున్నప్పుడు అమరకపోవచ్చును. పొడవైన సంచి అడుగు సీటుకు తగిలి, సంచి మొత్తము పైకి లేచి, పై అంచు హెల్మెట్ వెనుక భాగమునకు తగులును. తల తిప్పి వెనుక వచ్చే వాహనమును చూచుటకు ఇది ఆటంకము. కావున బండి నడిపేవారు కొనే ముందు సంచి తగిలించుకొని ఒక స్టూలుపై కూర్చుండి, తలను ఇరువైపులా, పైకి తిప్పి చూడవలెను. అడుగు సీటుకు ఆనీ ఆననట్లు ఉండుట మంచిది.

వేలాడే పట్టీల కొసలను చుట్టి రబ్బరు బ్యాండుతో బిగించవలెను. చీర కొంగు, చున్నీ వలెనే ఇవి కూడా చక్రములో చిక్కుకొనే ప్రమాదము కలదు. వెనుక మరొకరు కూర్చున్నప్పుడు నడిపేవారి వీపున సంచి ఉండుట ఇద్దరికీ ఇబ్బందియే. అప్పుడు వెనుక కూర్చున్నవారే సంచిని తగిలించుకొనుట మేలు. స్కూటరుపై కాళ్ళ దగ్గర పెట్టినచో పట్టీని కొక్కెమునకు తగిలించి, సంచి హ్యాండిల్ తిరుగుటకు అడ్డురాకుండా చూచుకొనవలెను. రాత్రి షిఫ్టులలో తిరిగేవారికి నల్లని దుస్తులు, నల్లని సంచి కలిసి వెనుక వచ్చే లారీ డ్రైవరుకు ఏమియు కనబడని స్థితి కల్పించును. వెలుగును తిప్పికొట్టే స్టిక్కరు పట్టీ ఒకటి సంచి వెనుక అతికించుకొనవచ్చును.

మెట్రో, రైలు, బస్సు

హైదరాబాదు మెట్రో 2019 మార్చిలో హైటెక్ సిటీకి, అదే ఏడాది నవంబరులో రాయదుర్గమునకు చేరినది. అంతకు ముందు 2003 నుండి ఎంఎంటీఎస్ రైళ్ళు ఉన్నవి. మెట్రో స్టేషన్లలో సంచిని ఎక్స్‌రే యంత్రము గుండా పంపవలెను. పట్టీల కొసలు వేలాడే సంచి యంత్రపు రోలర్లలో చిక్కుకొనవచ్చును. రద్దీలో నిలుచున్నప్పుడు వీపున ఉన్న సంచి మరొక మనిషి చోటును ఆక్రమించును. పైగా వెనుక అరలో పర్సు, ఫోను ఉంచుట దొంగలను పిలిచినట్లే. పెట్టె ఎక్కగానే సంచిని దించి ముందుకు వేసుకొనుట గానీ, కాళ్ళ మధ్య పెట్టుకొనుట గానీ చేయవలెను. ఇందుకు సంచి పైన గట్టి చేతి పిడి కావలెను. రాత్రి బస్సులలో, రైళ్ళలో ల్యాప్‌టాప్ సంచిని సామాను డిక్కీలో వేయక తల వద్దనే ఉంచుకొనుట మంచిది.

విమాన ప్రయాణము

దేశీయ విమానములలో సాధారణ తరగతి ప్రయాణికునికి చేతి సామాను 7 కిలోల వరకు అనుమతిస్తారు. సంచి పొడవు, వెడల్పు, మందము మూడు కలిపి 115 సెంటీమీటర్లు మించకూడదు. 30 - 35 లీటర్ల వీపు సంచి ఈ కొలతలలో ఇమిడిపోవును. చోటు కంటే ముందు బరువే అడ్డు వచ్చును. కిలోన్నర ఉన్న ఖాళీ సంచి, రెండు కిలోల ల్యాప్‌టాప్ పోగా మిగిలినది మూడున్నర కిలోలే. సంస్థలను బట్టి నియమములు మారును గనుక టికెట్టుపై ఉన్నది చూచుకొనవలెను.

శంషాబాదు విమానాశ్రయములో తనిఖీ వద్ద ల్యాప్‌టాప్‌ను బయటకు తీసి పళ్ళెములో పెట్టవలసి వచ్చినప్పుడు విడిగా జిప్పు ఉన్న అర ఉపయోగపడును. పవర్ బ్యాంకు చేతి సామానులోనే ఉండవలెను, చెక్-ఇన్ సామానులో నిషిద్ధము. దాని సామర్థ్యము 100 వాట్ అవర్లలోపు ఉండవలెను. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు సుమారు 74 వాట్ అవర్లు గనుక సమస్య లేదు. ఆన్‌సైట్‌కు వెళ్ళేవారు పాస్‌పోర్టు, వీసా పత్రములు, మందులు వీపు సంచిలోనే ఉంచుకొనవలెను. అంతర్జాతీయ విమానములలో ద్రవములు, నూనె పదార్థములు ఒక్కొక్కటి 100 మిల్లీలీటర్లకు మించి చేతి సామానులో అనుమతించరు. అమ్మ పెట్టిన ఆవకాయ సీసా చెక్-ఇన్ పెట్టెకు పోవలసినదే.

సంరక్షణ

సంచిని నెలకొకసారి ఖాళీ చేసి, తిరగేసి దులిపి, చిన్న అరల జిప్పులను తెరిచి ఆరబెట్టవలెను. వాషింగ్ మెషీన్‌లో వేయరాదు. లోపలి పూత, ఫోము రెండూ చెడును. చల్లని నీటిలో కొద్దిగా సబ్బు వేసి మెత్తని బ్రష్షుతో రుద్ది, నీడలో తలకిందులుగా వేలాడదీయవలెను. చెమట ఉప్పు పేరుకొనే భుజపు పట్టీలను వేసవిలో తరచుగా తడిగుడ్డతో తుడవవలెను. వాడని సంచిని తడిగానో, గాలి చొరని అలమారులోనో ఏళ్ళ తరబడి ఉంచినచో గుడ్డ లోపలి పూత జిగురువలె మారి పొట్టు పొట్టుగా రాలును. ఈ దశకు వచ్చిన పూతను బాగుచేయుట సాధ్యము కాదు. ఆ సంచిని కూరగాయలకు వాడుకొనవచ్చును గానీ ల్యాప్‌టాప్‌కు వాడరాదు.